కొత్త స్ప్లెండర్ తీసుకున్నం, బాపు 40 దాటద్దంటున్నడు, నిజంగ ఎట్ల నడపాలె?

చొప్పదండి పిలగాడు

అన్నలందరికి నమస్తే. పోయిన శుక్రవారం కొత్త స్ప్లెండర్ ప్లస్ తీసుకున్నం, ఇంక టీఆర్ మీదనే నడుస్తున్నది, తెల్లారి శనివారం కొండగట్టుకు తీస్కపోయి పూజ చేయించినం, ఇప్పటికి మీటరు 86 చూపిస్తున్నది. మా ఇంట్ల ఇదే మొదటి కొత్త బండి, ఇంతకు ముందు నడిపిన రెండూ సెకండ్ హ్యాండ్‌వే. అందుకని దీని ఇంజన్ ఖరాబ్ కాకుండ పదిహేనేండ్లన్న నడుపుకోవాలని ఉన్నది.

సమస్య ఏందంటే ఎవలను అడిగినా ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తున్నరు. మా బాపు ఏమంటడంటే వెయ్యి కిలోమీటర్ల దాక 40 దాటద్దు, రేజ్ చెయ్యద్దు, ఎప్పుడూ టాప్ గేర్లనే పోవాలె అంటడు. తను అట్లనే నడుపుతడు, ఊర్లె స్పీడ్ బ్రేకర్ కాడ 15కు వచ్చినా గేరు దించడు, బండి గుడగుడ అనుకుంట మెల్లగ లేస్తది, ఎనుక కూసున్న నాకు పానం గుంజుతది. షోరూముల పిలగాడేమో 50 లోపల పోండ్రి, 500 కాంగనే సర్వీసుకు తెండ్రి అని రెండు ముక్కలు చెప్పి తాళం చేతుల పెట్టిండు. మా దోస్తు ఒకడు మెకానిక్ ఉన్నడు, రాత్రిపూట స్టార్ట్ చేసి మూడు నాలుగు గంటలు ఐడిల్ల వదిలెయ్యి ఇంజన్ ఫ్రీ అయితది, పెట్రోల్ల జర టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోల్ల కలిపేది) గూడ పొయ్యి అంటడు. యూట్యూబ్ల ఇంకొకాయన మొదటి రోజే ఫుల్ రేజింగ్ ఇచ్చి కొట్టాలె అంటున్నడు. ఎవల మాట ఇనాలె?

ఇంక మూడు డౌట్లున్నయి. వచ్చే ఆదివారం మా అక్కోల్లింటికి హైదరాబాద్ పోవాలె, రాజీవ్ రహదారి మీద 160 కిలోమీటర్ల పైనే, ఫస్ట్ సర్వీసు కాకముందు అంత దూరం పోవచ్చా? బాపు పొలానికి యూరియా బస్తా ఎనుక కట్టుకోని పోతనంటున్నడు, కొత్త ఇంజన్ మీద అంత బరువు పెట్టచ్చా? ఆయిల్ 500 కంటె ముందే మార్పిస్తె మంచిదా? ఇంకోటి, కొండగట్టు గుట్ట ఎక్కేటప్పుడు నేను మా ఇంటామె ఇద్దరం ఉన్నం, మూడో గేర్ల ముక్కింది, రెండో గేరు వేస్తె ఎక్కింది గని సౌండ్ మస్తు వచ్చింది, అప్పటి సంది అదే మనసుల పీకుతున్నది. తెలిసినోళ్లు జర చెప్పుర్రి.

తణుకు షెడ్డు

తమ్ముడూ ముందు ఒక మాట, గుట్ట మీద రెండో గేరు వేశావు చూడు, నువ్వు చేసిన వాటిలో అదే సరైన పని, దాని గురించి అస్సలు బాధ పడకు. సౌండ్ వస్తే జనం భయపడతారు గానీ ఆ కాస్త సౌండ్‌కి ఇంజన్‌కేం కాదు, ముక్కితేనే దెబ్బ. నాది 27 ఏళ్ల షెడ్డు, కొత్త బండి తీసుకున్న ప్రతివాడూ వచ్చి స్పీడు ఎంతలో పోవాలి అనే అడుగుతాడు, గేరు గురించి అడిగినవాడు ఒక్కడు లేడు.

నీ బండికి ఆర్‌పీఎం మీటరు, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపించేది, లేదు కాబట్టి ఒక గుర్తు చెప్తా. స్ప్లెండర్ టాప్ గేర్లో స్పీడుకి 100 పెట్టి గుణించుకో, అటూఇటుగా ఇంజన్ అన్ని చుట్లు తిరుగుతున్నట్టు. 40లో పోతుంటే 4000, 60లో 6000. ఆ లెక్కన మీ నాన్నగారు 15లో టాప్ గేరు మీద లాగిస్తున్నారంటే ఇంజన్ 1500 తిరుగుతోందన్నమాట, అంటే స్టాండు వేసి ఐడిల్లో పెడితే తిరిగే 1400కి కొంచెం పైన, అంతే. ఆ తిరుగుడు మీద ఇద్దరు మనుషుల్ని లాగమంటున్నాం దాన్ని. ఆయిల్ పంపు కూడా ఇంజన్ తిరిగినట్టే తిరుగుతుంది కాబట్టి అప్పుడు ఆయిలూ తక్కువే వస్తుంది, పిస్టన్ మీద దెబ్బ మాత్రం గట్టిగా పడుతుంది, ఆ గుడగుడ అదే. కొత్త బండి అని కాదు, పాత బండికైనా అది మంచిది కాదు. 35 దాటాకే టాప్ వేయమను, 25 కిందకొస్తే దించమను. మైలేజీ కూడా దానివల్ల తగ్గదు.

ఇక ఐడిల్లో పెట్టడం. ఈ మాట నా గురువు నాకు నేర్పింది, ఆయన మీద నాకు గౌరవం ఉంది, అయినా చెప్తున్నాను వద్దు. 2009లో ఒక రైతు బండి బోరు పనికి (బోరంటే పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడ) వస్తే కొత్త పిస్టన్ కిట్ వేసి, బోరు కొట్టించి, రాత్రి షెడ్డు కట్టేదాకా నాలుగు గంటలు ఐడిల్లో తిప్పాను, మర్నాడు ఇచ్చేశాను. నెల తిరక్కుండా నీలం పొగతో వచ్చాడాయన, వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు ఆయిల్ తాగుతోంది. విప్పి చూస్తే బోరు లోపల అద్దంలా మెరిసిపోతోంది, కొట్టించినప్పటి గీతలు అక్కడక్కడ మాత్రమే ఉన్నాయి, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అసలు సెట్ కాలేదు. మళ్లీ హోనింగ్, అంటే బోరులో ఆ గీతలు గీయించడం, చేయించి కొత్త రింగులు నా డబ్బులతో వేసిచ్చాను. ఆ రోజు నుంచి నా షెడ్డులో ఏ ఇంజన్నీ ఐడిల్లో ఫ్రీ చేయలేదు, లీకులు చూసుకుని పది నిమిషాల్లో రోడ్డెక్కించడమే.

టూటీ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకు. నీది ఫోర్ స్ట్రోక్, కింద ఆయిల్ వేరే ఉంది, పెట్రోల్లో పోసింది కాలి ప్లగ్గు మీదా వాల్వుల మీదా మసి కడుతుంది, బీఎస్6 బండి కాబట్టి సైలెన్సర్లో పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌కీ, ఆక్సిజన్ సెన్సార్‌కీ చేటు. 

చేతక్ మాస్టారు

బాబూ, పైన షెడ్డు ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ మీ నాయనగారి మాటని తీసిపారేయకు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని, హన్మకొండ. 1988లో చేతక్ కొన్నాను, అప్పట్లో స్కూటర్ అంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం, ఇప్పటిలా పొద్దున పోయి సాయంత్రం తెచ్చుకునేది కాదు. అది టూ స్ట్రోక్ బండి, దాని ఇంజన్‌లో పిస్టన్‌కి వేరే ఆయిల్ ఉండదు, పెట్రోల్ బంకులో లీటరుకి 20 మిల్లీ లెక్కన కలిపి పోసేదే పిస్టన్‌కీ బేరింగ్‌కీ ఆయిల్. కొత్తలో ఇంకాస్త ఎక్కువ కలిపేవాళ్లం. అంటే ఎంత పెట్రోల్ లోపలికి పోతే అంత ఆయిల్ పోయినట్టు, స్పీడులో పోతూ పోతూ ఒక్కసారి ఎక్స్‌లేటర్ వదిలేస్తే ఇంజన్ ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంటుంది కానీ ఆయిల్ ఆగిపోతుంది. కొత్త పిస్టన్, బిగుతుగా ఉంటుంది, పట్టేసేది. మా స్కూల్లో సైన్సు మాస్టారి బండి కాజీపేట బ్రిడ్జి దిగుతుంటే అలాగే పట్టేసి చక్రం లాక్ అయిపోయింది, అదృష్టం కొద్దీ దెబ్బలు తగల్లేదు.

ఇంకొకటి, అల్యూమినియం పిస్టన్ వేడికి ఎంత ఉబ్బుతుందో ఇనుప బోరు అందులో సగమే ఉబ్బుతుంది. గాలికి చల్లబడే బండి, బోరు పోత ఇనుము, అప్పటి కొలతల పని ఇంత సన్నంగా ఉండేది కాదు. అందుకని కొత్త బండిని గట్టిగా వేడెక్కించావా పిస్టన్ ఉబ్బి బోరుని రాసేది. 40 దాటొద్దు, అరగంటకోసారి ఆపు, అనే మాటలు అప్పటివి, అప్పుడవి బండినీ మనిషినీ కాపాడిన మాటలు. మీ నాయనగారు ఆ కాలంలో ఏ బండి నడిపారో ఒకసారి అడుగు. "నువ్వు చెప్పేది తప్పు" అని మొదలుపెట్టకు, ఈ బండికి ఆయిల్ కింద గిన్నెలో వేరే ఉంది, దీనికి లెక్క వేరు అని చూపించి చెప్పు, వింటారు.

ఫుల్ థ్రాటిల్ 160

ఇవన్నీ పాత పద్ధతులు బ్రో. అమెరికాలో రేస్ ఇంజన్లు కట్టే ఒకాయన ఎప్పుడో ఇంటర్నెట్‌లో పెట్టాడు, రింగులు సెట్ అయ్యేది మొదటి 30 కిలోమీటర్లలోనే, అప్పుడే గట్టిగా ఇవ్వకపోతే జీవితాంతం పికప్ ఉండదు. నా 160 సీసీ బండికి షోరూము నుంచి ఇంటికి తెచ్చేటప్పుడే రెడ్ లైన్ దాకా, అంటే మీటర్లో ఇంజన్ చుట్లకి పెట్టిన ఎర్ర గీత దాకా, లాగి వదిలి లాగి వదిలి తెచ్చా, ఇప్పటికి 22,000 తిరిగింది, చుక్క ఆయిల్ తాగదు. నీకు 86 అయిపోయాయి, ఇప్పుడైనా కొట్టు.

ఒరగడం టెస్ట్ బెంచ్

చెన్నై దగ్గర ఒక ఇంజన్ల కంపెనీలో టెస్టింగ్‌లో పని చేస్తా, సొంతూరు పలాస. రోజూ కొత్త ఇంజన్లే చూస్తా కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అది అర్థమైతే ఎవరి మాట ఎంతవరకు వినాలో మీకే తెలిసిపోతుంది, కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

సిలిండర్ బోరు లోపల నున్నగా ఉండదు, కావాలనే గీతలు గీస్తారు, వల అల్లినట్టు ఏటవాలుగా అటొక వరస ఇటొక వరస, దాన్నే హోనింగ్ అంటాం. గీతల లోతులో ఆయిల్ నిలబడాలి, గీతల అంచులు మాత్రం పిస్టన్ రింగులతో రాసుకుని సన్నగా అరిగి రింగుకి సరిపడా చదునవ్వాలి. ఇంజన్ సెట్ అవడం అంటే చాలావరకు ఇదే. ఇప్పుడు అసలు సంగతి, రింగు దాని స్ప్రింగు బలంతో బోరుని నొక్కేది చాలా తక్కువ. పైన పెట్రోల్ మండినప్పుడు వచ్చే గ్యాస్ రింగు వెనకాల దూరి దాన్ని బోరుకేసి నొక్కుతుంది, ఆ ఒత్తిడి ఉంటేనే రింగు సరిగా కూర్చుంటుంది. లోడ్ లేకపోతే ఆ ఒత్తిడి ఉండదు. ఐడిల్లో గంటలు గంటలు తిప్పితే రింగు గీతల్ని సరిగా అరగదీయదు, పైగా గీతల్లో నిలిచిన ఆయిల్ వేడికి మాడి వార్నిష్ పూసినట్టు గట్టి పొర కట్టేస్తుంది, తణుకు ఆయన విప్పి చూసిన అద్దం మెరుపు అదే. ఒకసారి ఆ పొర కట్టాక రోడ్డు మీద ఎంత నడిపినా పోదు, విప్పాల్సిందే.

అందుకని గట్టిగా కొట్టమనే బ్రో మాటలో సగం నిజం ఉంది, లోడ్ కావాలి. మిగతా సగం దగ్గరే తేడా వస్తుంది. కొత్తలో గీతల అంచులు పదునుగా ఉంటాయి, అక్కడ రాపిడి ఎక్కువ, వేడి ఎక్కువ. అప్పుడే ఫుల్ ఇచ్చి రెడ్ లైన్లో పట్టుకుంటే కొన్ని చోట్ల ఆయిల్ పొర తెగి రింగూ బోరూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి, ఆ గీత పోదు. స్ప్లెండర్ పిస్టన్ సుమారు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. 4000 చుట్ల మీద పిస్టన్ సెకనుకి ఆరున్నర మీటర్లు పైకీ కిందకీ తిరుగుతుంది, 8000 మీద 13 మీటర్లు. స్పీడు రెండింతలైతే కనెక్టింగ్ రాడ్ మీద పడే గుంజుడు నాలుగింతలు అవుతుంది. కొత్త బేరింగులు, కొత్త క్యామ్, కొత్త గేరు పళ్లు అన్నీ అప్పుడే ఒకదానికొకటి అలవాటు పడుతున్నాయి, ఒక్క రింగుల కోసం వీటన్నిటినీ ఎందుకు హింసించాలి? పైగా రేస్ ఇంజన్ విషయం వేరు, రేసు అయ్యాక దాన్ని మళ్లీ విప్పుతారు, మన బండి పదిహేనేళ్లు నడవాలి. ఇప్పటి ఫ్యాక్టరీల్లో హోనింగ్ చేశాక గీతల పైఅంచుల్ని ఇంకోసారి సన్నగా చదును చేసే పద్ధతి కూడా వచ్చింది, అంటే రింగులు చేయాల్సిన పని కొంత ముందే అయిపోయి వస్తుంది. బ్రో బండి ఆయిల్ తాగకపోవడానికి ఆయన రెడ్ లైన్ కంటే మధ్యలో వదిలి వదిలి లాగడమే ఎక్కువ పనికొచ్చి ఉంటుంది.

ఆ వదలడం దగ్గర ఒక మంచి విషయం ఉంది. గేర్లోనే ఉండగా ఎక్స్‌లేటర్ వదిలితే సిలిండర్లో గాలి గుంజినట్టై కింద ఆయిల్ కొంచెం రింగుల వైపు పైకి వస్తుంది, చల్లబరుస్తుంది, అరిగిన సన్నని పొడిని కడిగేస్తుంది. టూ స్ట్రోక్‌లో ఇదే పని బండిని పట్టేయించేది అని మాస్టారు చెప్పారు కదా, ఫోర్ స్ట్రోక్‌లో ఇది మేలు చేస్తుంది. కాబట్టి చొప్పదండి తమ్ముడూ నీ పద్ధతి ఇలా పెట్టుకో, స్టార్ట్ చేసి అరనిమిషం ఆగి బయల్దేరు, మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా, ఇంజన్ వేడెక్కాక 35 నుంచి 55 దాకా సగం ఎక్స్‌లేటర్‌తో లాగు, వదిలెయ్, మళ్లీ లాగు. 300 దాటాక అప్పుడప్పుడు 60 ముట్టించు, పట్టుకుని ఉండకు. ఒకే స్పీడు మీద గంటసేపు పోవడం మాత్రం వద్దు, అది 40 అయినా సరే 60 అయినా సరే.

హైదరాబాద్ పోవచ్చు. నిజానికి ఊళ్లో తిరిగే దానికంటే రోడ్డు మీద ప్రయాణమే మంచిది, ఇంజన్ బాగా వేడెక్కి పని చేస్తుంది, కాకపోతే రాజీవ్ రహదారి తిన్నగా ఉంటుంది, చెయ్యి ఒక్క దగ్గరే పెట్టి పోవాలనిపిస్తుంది, అక్కడ జాగ్రత్త. సిద్దిపేటలో ఒకసారి, ప్రజ్ఞాపూర్‌లో ఒకసారి ఆగి పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వు. తెల్లవారుజామున బయల్దేరితే బండికీ నీకూ సుఖం.

యూరియా బస్తా 45 కిలోలు, అంటే ఒక సన్నటి మనిషి ఎక్కినట్టే. ఒక్కడు నడుపుతూ ఒక బస్తా అయితే నష్టం లేదు, ఒక గేరు తక్కువలో పోతే చాలు. ఇద్దరు మనుషులూ ఒక బస్తా అయితే సర్వీసు అయ్యేదాకా ఆగమను.

ఆయిల్ 500 అవగానే మార్పించు, బుక్కులో 750 దాకా గడువు ఉన్నా అందాకా చూడకు. అరిగిన లోహం చాలావరకు మొదటి ఆయిల్లోనే ఉంటుంది, నీ బండిలో కాగితం ఫిల్టర్ ఉండదు, జాలీ, తిరిగే గిన్నె లాంటి ఫిల్టర్ ఉంటాయి, సన్నపొడి కొంత ఆయిల్తోపాటే తిరుగుతుంది. 200కే మార్చినా చెడిపోయేదేం లేదు, ఖర్చు తప్ప. కానీ అదే 10డబ్ల్యూ30 గ్రేడు, డబ్బా మీద జాసో ఎంఏ అని (ఆయిల్లో మునిగే క్లచ్ ఉన్న బైకులకి సరిపోతుందనే గుర్తు) ఉండాలి. కారు ఆయిల్ పోయించుకోవద్దు, నీ బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి, క్లచ్ జారుతుంది.

నంద్యాల సేద్యం

బైకు గురించి అడిగితే ట్రాక్టర్ సంగతి చెప్తాండానని అనుకోవద్దు, ఇంజన్ ఏదైనా ఇంజనే కదా. మాది కేసీ కెనాల్ కింద వరి. మూడేండ్ల కింద జూలైలో కొత్త ట్రాక్టరు తెచ్చినాం, నీళ్లొచ్చినాయి, ఊరంతా నాట్లకు తొందర పడతాండారు, మా నాయన దాన్ని నేరుగా దమ్ములోకి దింపమన్యాడు. దమ్మంటే బురదలో ఫుల్లు లోడు, పొద్దుగూకులూ ఒకటే రేజు, ఇంతకన్నా బరువైన పని ట్రాక్టరుకు లేదు. కంపెనీ నుంచి వచ్చిన పిల్లోడు ముందే చెప్పినాడు, మొదటి 50 గంటలు ట్రాలీ పనో, మామూలు దుక్కో సేయండి, దమ్ముకీ పెద్ద రోటవేటరుకీ పెట్టొద్దు, 50 గంటలకి ఆయిలు మార్చాల అని. నేను నాయనతో కొట్లాడి పది దినాలు బాడుగ ట్రాక్టరుతో దమ్ము సేయించినా, మాది మట్టి తోలినాం, మెట్ట సేన్లో గొర్రు తోలినాం. బాడుగ డబ్బులు పోయినాయని నాయన నెల దినాలు సరిగా మాట్లాడలేదు నాతో. 50 గంటలకి ఆయిలు దింపితే పళ్లెంలో ఎండకి పట్టుకుని సూపిచ్చినా, సన్నగా వెండి పొడి మెరిసినట్టు మెరుస్తాండాది. అది సూసినాక ఏమీ అనలా. ఇప్పుడు ఎవురు కొత్త బండి తెచ్చినా గంటల మీటరు సూసుకో, ఆయిలు మార్సుకో అని ఆయనే సెప్తాడు. మీ బాపుని సర్వీసుకాడికి ఎంట తీస్కపో అన్నా, ఆ ఆయిలు కళ్లారా సూడనీ.

బెజవాడ స్కూటీ

ఒకటి అడగనా, మా స్కూటర్‌కి గేర్లే ఉండవు కదా, మరి మేమెలా చేయాలి? నాది కూడా కొత్తదే, 210 తిరిగింది. అలాగే ఇంజన్ సంగతి ఒక్కటే అందరూ చెప్తున్నారు, టైర్ల గురించి ఎవరూ చెప్పలేదు. కొత్త టైరు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, నాకు తెలియదు, బండి తెచ్చిన మూడో రోజు చినుకులు పడుతుంటే బెంజి సర్కిల్ దగ్గర పక్కకి తిప్పేసరికి జారిపోయింది, మోకాలు చీరుకుపోయింది, కుట్లు పడ్డాయి. మొదటి వంద నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో బాగా వంచొద్దు, సడన్ బ్రేక్ వేయొద్దు, కొత్త బ్రేకులు కూడా అప్పుడే సరిగా పట్టవు. తమ్ముడూ నీకు వంద కూడా కాలేదు, మీ ఆవిణ్ణి ఎక్కించుకుని తిరుగుతున్నావు, దయచేసి ఇది చూసుకో.

ఒరగడం టెస్ట్ బెంచ్

మేడం మీరు చెప్పింది ముఖ్యమైన విషయం, నేను రాయాల్సింది మర్చిపోయాను. మోకాలు తగ్గిందనుకుంటా.

స్కూటర్‌కి గేరు దించే అవసరం లేదు, బెల్టే ఇంజన్‌ని సరిపడా చుట్ల దగ్గర పెట్టుకుంటుంది కాబట్టి ముక్కే సమస్య తక్కువ. మీరు చూసుకోవాల్సింది సిగ్నల్ పడగానే ఒకేసారి మొత్తం తిప్పేయకపోవడం, అదొక్కటి చాలు. హోండా వాళ్ల బుక్కులో కూడా అంతే ఉంటుంది, మొదటి 500 కిలోమీటర్లు ఫుల్ ఎక్స్‌లేటర్‌తో బయల్దేరొద్దు, గబుక్కున స్పీడు పెంచొద్దు, గట్టి బ్రేకులు వద్దు, నిదానంగా నడపమని. ఎక్కడా 40 అని అంకె వేయలేదు చూడండి. ఆయిల్ మాత్రం స్కూటర్‌ది వేరు, జాసో ఎంబీ అని ఉన్నది పోయిస్తారు, బైకుది పోయించొద్దు.

చొప్పదండి పిలగాడు

అన్నలకు, మాస్టారు గారికి, అక్కకు శానా థాంక్స్. మూడు వారాలైంది, ఫస్ట్ సర్వీసు 540 కాడ అయిపోయింది, అందుకే రాస్తున్న.

మాస్టారు చెప్పినట్టే బాపును అడిగిన, ఏం బండి నడిపినవే బాపు అప్పట్ల అని. 1993ల మా పెద్దనాయిన చేతక్ నడిపిండట, గంగాధర కాడ ఇంజన్ పట్టేసి తను, పెద్దనాయిన ఇద్దరు ఎగిరి పడ్డరట, పెద్దనాయిన చెయ్యి ఇరిగిందట. నాకు ఈ సంగతి ఇన్నేండ్లల ఎన్నడు చెప్పలే. అప్పటి సంది కొత్త బండి అంటె తనకు భయం. నేను ఇంజన్ పక్కపొంటి ఉన్న ఆయిల్ మూత తీసి పుల్ల బయటికి గుంజి చూపించిన, ఇగో ఈడ ఆయిల్ ఎప్పుడు ఉంటది, నువ్వు ఎక్స్‌లేటర్ వదిలినా పంపు తిప్పుతనే ఉంటది అని. శానా సేపు సూసిండు ఆ పుల్లను. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ వస్తె మూడుకు దించుతున్నడు, ఒక్కోసారి రెండుకు గూడ. 50 దాటడు, దాటకపోతె మాయె.

హైదరాబాద్ పోయొచ్చిన. పొద్దుగాల నాలుగున్నరకు ఎల్లిన, ఒక్కన్నే పోయిన, ఇంటామెను బస్సుల పంపిన, అక్క చెప్పిన టైర్ల మాట చదివినంక ఎక్కించుకోబుద్ధి కాలే. సిద్దిపేటల చాయ్ తాగిన, ప్రజ్ఞాపూర్ల ఆగిన, 35 నుంచి 55, మల్ల వదులుడు, మల్ల లాగుడు, చెయ్యి నొచ్చింది గని బండి పోంగ కంటె రాంగ సాఫుగ ఉన్నది, గేరు పడుడు గూడ అల్కగ అయింది. 

సర్వీసుకు బాపును ఎంట తీస్కపోయిన, నంద్యాల అన్న చెప్పినట్టు ఆయిల్ దింపేటప్పుడు పక్కకే నిలవెట్టిన. నల్లగ ఉంటదనుకున్న, నల్లగ లేదు, బూడిద రంగుల ఉండి ఎండల పెడితె మెరుస్తున్నది. బాపు రెండు ఏళ్ల నడుమ రాసి సూసి, ఇది లోపల్నే ఉంటె రాసుకపోవు గదరా అన్నడు. వాల్వు ట్యాపెట్లు సూసిండ్రు, చైన్ బాగ లూజైందట, బిగించిండ్రు. బిల్లు మీద ఆయిల్ గ్రేడు రాయించుకున్న.

ఇంకొక్కటే అడుగుత, రెండో ఆయిల్ ఎప్పుడు మార్పియ్యాలె? ఇప్పుడు 70 దాక పోవచ్చా?

తణుకు షెడ్డు

70 పోవచ్చు తమ్ముడూ, కానీ వెయ్యి అయ్యేదాకా ఒక్క నిమిషం పట్టుకుని మళ్లీ తగ్గించు, అలా అలా పెంచుకుంటూ పో. రెండో ఆయిల్ బుక్కులో ఉన్న సర్వీసుకే చాలు, పొలం పనికి వాడుతున్నారు కాబట్టి 2,500 దగ్గర మార్పిస్తే ఇంకా మంచిది. మధ్యలో పదిహేను రోజులకోసారి బండి మెయిన్ స్టాండు వేసి ఆ పుల్ల తుడిచి చూడండి, మర తిప్పకుండా ఊరికే పెట్టి తీసి చూడాలి, రెండు గీతల మధ్యలో ఉండాలి. ఆ పని మీ నాన్నగారికే అప్పజెప్పు. చైను 700 దగ్గర ఇంకోసారి చూపించు, కొత్త చైను మొదట్లో రెండుసార్లు సాగుతుంది.